గాడిద మీద 190 కిలోలా!

బల్ల చుట్టూ నలుగురు. ముందు కాగితాలు, పెన్సిళ్లు, చిత్రమైన పాచికలు. ఒకరు మంత్రగాడు, ఇంకొకరు కత్తివీరుడు... అంతా ఊహలోనే! రాక్షసుల గుహకు బయల్దేరాలి. తాళ్లు, దివిటీలు, గుడారం, పది రోజుల తిండి. మరి ఇదంతా మోసేదెవరు? ఆట అక్కడ ఆగుతుంది. గాడిదను, దాని సంచుల్ని బేరమాడాకే కథ కదులుతుంది.

'డంజన్స్ అండ్ డ్రాగన్స్' సంగతిది. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే అమెరికన్లు 1974లో తెచ్చిన ఆట. 2014 నాటి నియమాల పుస్తకంలో అంగడి జాబితాయే ఉంది. గాడిదైనా, కంచరగాడిదైనా ఎనిమిది బంగారు నాణేలు. బరువులు కట్టే జీను అయిదు. జీను సంచులు నాలుగు. ఎగిరే జంతువుకైతే ప్రత్యేకమైన జీను కావాలి, అరవై! గాడిద మోసేది 420 పౌండ్లట. అంటే దాదాపు 190 కిలోలు.

కృష్ణా తీరంలో ఈ లెక్క వింటే పాతవాళ్లు నవ్వుతారు. ఎందుకంటే ఇక్కడ ఈ బేరం ఆట కాదు, బతుకు. ఎద్దు వీపు మీద అటూ ఇటూ వేలాడే జోడుసంచికి తెలుగులో చక్కటి పేరుంది... కంట్లం. 'గంతకు తగ్గ బొంత' అని పెళ్లి సంబంధాల దగ్గర వాడేస్తాం గానీ, గంత అంటే ఎద్దు వీపున వేసే మెత్తే. గంత సరిగ్గా లేకపోతే బరువంతా వెన్నెముక మీద పడి చర్మం ఒరుసుకుపోతుంది. పుండు పడిందా, ఇక ఆ ఎద్దు ప్రయాణానికి పనికిరాదు. కంట్లంలో రెండు వైపులా బరువు సమానంగా ఉండాలి. ఒక పక్క ఉప్పు, రెండో పక్క దూది నింపితే రెండు సంచులూ నిండుగానే కనిపిస్తాయి. నాలుగడుగులు వేసేసరికి కంట్లం పక్కకు జారుతుంది!

గోనె కంట్లానికే పెరిక అని ఇంకో పేరు. వాటిలో ఉప్పు, ధాన్యం నింపి ఎడ్ల మీద, గాడిదల మీద మోసిన వారికి ఆ పేరే కులనామమైందని థర్‌స్టన్ 1909లో అచ్చయిన తన గ్రంథంలో రాశాడు. అంతకుముందు, 17వ శతాబ్దంలో గోల్కొండ నుంచి మచిలీపట్నం వచ్చిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియర్‌కు ఈ దారిలో బండ్లు కనిపించలేదు. చెరువులు, నదులు, ఇరుకు కనుమలు. వెంట తెచ్చుకున్న చిన్న బండిని చాలాచోట్ల విప్పి, మళ్లీ బిగించుకోవాల్సి వచ్చింది పాపం. సరుకంతా ఎడ్లు, గుర్రాల వీపుల మీదే. దేశంలో పది, పన్నెండు వేల ఎడ్లతో సాగే బిడారుల గురించీ రాశాడాయన. అన్ని కంట్లాలు ఎవరు కుట్టారో! 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయ్యాక కాలువల్లో పడవలు తిరిగాయి. ఆ తర్వాత రైళ్లు, లారీలు. ఎద్దు వీపు తేలికపడింది.

ఇంతకీ గాడిద ఎంత మోయాలి? దీనికి మన దగ్గర చట్టమే ఉంది. జంతుహింస నివారణ చట్టం కింద 1965లో కేంద్రం చేసిన నిబంధనల ప్రకారం గాడిద మీద 50 కిలోలు మించకూడదు. కంచరగాడిదకు 200, పెద్ద ఎద్దుకు 175, చిన్న ఎద్దుకు 100. ఆట పుస్తకం కంచరగాడిద విషయంలో సరిగ్గానే ఉంది గానీ, గాడిదనూ అదే వరసలో కట్టేసింది! రోజుకు తొమ్మిది గంటలకు మించి మోయించకూడదు, అయిదు గంటలకోసారి విశ్రాంతి ఇవ్వాలి. ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా అసలు పనే చెప్పకూడదు. విజయవాడలో మే నెలంతా గాడిదలకు మధ్యాహ్నం సెలవన్నమాట!

వేసవి సెలవుల్లో ఈ ఆట ఆడే పిల్లలుంటే ఓ లెక్క. ఆ 190 కిలోలకు మన చట్టం ప్రకారం నాలుగు గాడిదలు కావాలి. జీనులు, సంచులతో కలిపి 68 నాణేలు. అంత లేకపోతే గుడారం ఇంట్లో వదిలేసి వెళ్లడమే.