చిన్న రైలు దారిలో అమ్మకీ ఓ సెలవు

సెలవులు వస్తున్నాయంటే పిల్లలకి సంబరం. నాన్నకి ఖర్చుల లెక్క. మరి అమ్మకి? వారం ముందు నుంచే జంతికలు, చేగోడీలు, మడత పెట్టాల్సిన బట్టలు, చంటివాడి మందులు, అత్తగారి కళ్ళజోడు, పాలవాడికి చెప్పాల్సిన కబురు, మొక్కలకి నీళ్ళు పోసే పక్కింటావిడకి ఇవ్వాల్సిన తాళం చెవి. రైలెక్కాక కూడా పొట్లాలు విప్పేదీ ఆవిడే, ఖాళీ విస్తళ్ళు పోగుచేసేదీ ఆవిడే. తిరిగొచ్చాక నాలుగు రోజులు ఉతుకుడు. ఊరు మారింది గానీ ఆవిడ పని మారలేదు. అందరూ కులాసాగా తిరిగొచ్చారు, ఆవిడ మాత్రం అలిసిపోయి వచ్చింది.

ఇలాంటి ప్రయాణాన్ని ఆవిడకి సెలవు అనగలమా? ఒక్కసారి ఆలోచించండి.

విహారమంటే ఊటీ, కొడైకెనాలే కానక్కర్లేదు. రోజుకి అయిదు చోట్లు చూపించి, ఎక్కించి దించే టూరిస్టు బస్సూ కానక్కర్లేదు. నడకా, నెమ్మదిగా పోయే రైలూ, ఒక ఊళ్ళో రెండు రాత్రుళ్ళ మకాం. ఇంత చాలు. పొగబండి ఎక్కడం, పొలాల గట్ల మీద నడవడం కలిపి కుటుంబమంతా గడిపే సెలవులంటే విదేశాల్లో చాలా మోజు. బ్రిటన్‌లోని వేల్స్‌లో మూతబడబోతున్న తాలిలిన్ అనే చిన్న రైలుమార్గాన్ని 1951లో స్వచ్ఛందంగా ముందుకొచ్చిన మామూలు జనమే నడపడం మొదలుపెట్టారు. అది ఈనాటికీ నడుస్తోంది. మన దేశంలో డార్జిలింగ్ రైలుకి 1999లో, నీలగిరి రైలుకి 2005లో, కాల్కా-సిమ్లా రైలుకి 2008లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు దక్కింది. ఇవన్నీ సరే, అలాంటి చిన్న రైలు మన తెలుగునేల మీదా ఉండేదని మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు?

శ్రీకాకుళం జిల్లా ఉత్తరపు కొసని ఓసారి గుర్తు తెచ్చుకోండి. ఒకవైపు మహేంద్రగిరి కొండల వరస, మరోవైపు సముద్రం. నడుమ కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో ఉద్దానం. జలంత్రకోట, మందస, టెక్కలి, పర్లాకిమిడి అన్నీ ఒకప్పటి జమీందారీల పేర్లే. హౌరా-చెన్నై పెద్ద లైను ఈ నేల మీదుగానే పోతుంది. ఇచ్ఛాపురం, సోంపేట, బారువ, మందస రోడ్డు, పలాస, నౌపడ... ఎక్స్‌ప్రెస్సులో నిద్రపోతూ మనం దాటేసే స్టేషన్లివి.

ఆ నౌపడ దగ్గరే చిన్న రైలు మొదలయ్యేది. తన రాజధానికి రైలు కావాలని పర్లాకిమిడి రాజా గౌరచంద్ర గజపతి తలపెట్టగా, నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా దాదాపు 40 కిలోమీటర్ల దారి 1900లో మొదలైంది. పట్టాల మధ్య వెడల్పు రెండున్నర అడుగులే. పెద్ద లైనుకేమో అయిదున్నర అడుగులు. మొదట్లో ఈ రైలు నష్టాల్లోనే నడిచింది. తరవాత పుంజుకుని, 1931 నాటికి గుణుపురం దాకా సాగింది. మొత్తం 90 కిలోమీటర్లు. నౌపడ, టెక్కలి, టెంబూరు, పాతపట్నం, పర్లాకిమిడి, గుణుపురం అని ఊళ్ళ పేర్లు వరసగా చదువుతూంటేనే కూతపెట్టినట్టుంటుంది! 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అటు కలిశాక కూడా రైలు మాత్రం ఆ గీతను పట్టించుకోలేదు. తెలుగు మాట్లాడే ఆడపడుచుల్నీ, ఒడియా మాట్లాడే కోడళ్ళనీ ఒకే బెంచీ మీద కూచోబెట్టుకుని తిరిగింది.

ఆవిరి ఇంజను ఎలా పనిచేస్తుందో పిల్లలకి చెప్పడానికి పుస్తకం వెతకనక్కర్లేదు. మన వంటింట్లో కుక్కరే చాలు. నీళ్ళు మరిగి ఆవిరై, బయటికి పోయే దారిలేక తోసుకొస్తుంది. కుక్కరు మీద బరువుని ఎగరేసేది ఆ బలమే. ఇంజనులోనూ అదే బలం ముషలకాన్ని ముందుకీ వెనక్కీ నెడితే, కడ్డీలు చక్రాల్ని తిప్పుతాయి. బొగ్గు వేసేవాడికి చేతినిండా పని. కిటికీ పక్కన కూచున్నవాళ్ళ కంట్లో బొగ్గు నలుసు, చీర మీద మసి చుక్కలు. అయినా ఆ కిటికీ కోసమే కొట్లాట. దిగి నాలుగడుగులు నడిచి మళ్ళీ అదే పెట్టె ఎక్కొచ్చని ఇలాంటి చిన్న బళ్ళ మీద వేళాకోళాలు ఆడేవారు. నిజానికి ఆ నెమ్మదే వాటి అందం. దారిలో ఏ చెట్టు ఎక్కడుందో చూసుకునే తీరిక ఉండేది.

పర్లాకిమిడి పేరు చెప్పగానే మన భాషకి గుర్తొచ్చే మనిషి గిడుగు రామమూర్తి పంతులు. అక్కడ ఉపాధ్యాయుడిగా ఉంటూనే కొండల్లోని సవరల భాష నేర్చుకున్నాడాయన. మనం మాట్లాడే తెలుగే మనం రాసే తెలుగు కావాలని పోరాడాడు. బడికెళ్ళని అమ్మలూ అమ్మమ్మలూ మాట్లాడే మాటకి గౌరవం తెచ్చిన పోరాటమది. ఈ పేజీలో మనం ఇలా ధారాళంగా మాట్లాడుకోగలుగుతున్నామంటే ఆ పుణ్యం కొంత ఆయనదే. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. పిల్లల్ని తీసుకెళ్ళినపుడు ఇది చెప్పకుండా రాకండి.

ఆ చిన్న రైలు ఇప్పుడు లేదు. 1990లలో ఆవిరి పోయి డీజిలు వచ్చింది. 2004 జూన్‌లో చిన్న లైనే మూతపడింది. అదే దారిలో పెద్ద లైను వేసి, 2010లో పర్లాకిమిడి దాకా, 2011లో గుణుపురం దాకా రైళ్ళు నడిపారు. అయ్యో అనిపించడం సహజం. కానీ ఆ దారిలో ఉండే ఆడవాళ్ళ వైపు నుంచి కూడా చూడాలి. జబ్బు చేసిన బిడ్డని ఒళ్ళో పెట్టుకుని విశాఖపట్నం ఆస్పత్రికి వెళ్ళాల్సిన తల్లికి నెమ్మదిలో అందం కనిపించదు. నౌపడలో దిగి, మూటలు మోసుకుని మరో రైలు కోసం ఎదురుచూడాల్సిన బాధ పెద్ద లైనుతో తప్పింది. కాబట్టి పెద్ద లైను రావడం తప్పని అనలేం. ఊరి జ్ఞాపకాన్ని మాత్రం పాత పట్టాలతో పాటే పీకి పారెయ్యకూడదు. డార్జిలింగ్‌లోనో నీలగిరిలోనో పిల్లలు ఇప్పటికీ ఆవిరి ఇంజను ఎక్కుతున్నారంటే, దాన్ని ఉంచుకోవాలని ఎవరో పట్టుబట్టారు గనకే. స్టేషన్ ముందు రంగులేసి నిలబెట్టిన ఇంజను బొమ్మతో సమానం. కొద్ది కిలోమీటర్లయినా కదిలితేనే అది రైలు. ముందు ముందు ఏ చిన్న లైను మూతపడే మాట వచ్చినా, అందులో ఓ ముక్కనయినా ఇలా బతికించుకోవాలని అడిగేవాళ్ళలో మనమూ ఉండాలి.

చిన్న రైలు లేకపోయినా ఆ దారి ఉంది. పాసింజరు టిక్కెట్టు తీసుకుని పాతపట్నం దాకానో, పర్లాకిమిడి దాకానో వెళ్ళిరండి. పాతపట్నంలో నీలమణి దుర్గమ్మని చూసుకుని సాయంత్రానికి వచ్చెయ్యొచ్చు. పొలాలు, చెరువులు, తాటిచెట్లు, దూరంగా కొండలు. పిల్లల చేతిలో ఫోను పెట్టకండి, కిటికీ పక్క చోటు ఇవ్వండి.

ఇక నడకల సంగతి. నౌపడ పక్కనే ఉప్పు మళ్ళు. మనం రోజూ చిటికెడు చిటికెడు వాడే ఉప్పు ఎండలో ఎలా పండుతుందో, దాని వెనక ఎంత ఒళ్ళు వంచాలో గట్టు మీద నిలబడి చూస్తే పిల్లలు కంచంలో పారబొయ్యడం మానుకుంటారు. ఆ దాపునే తేలినీలాపురం. సెప్టెంబరు మొదలు మార్చి దాకా గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు ఆ ఊరి చింతచెట్ల మీద గూళ్ళు కట్టి పిల్లల్ని చేసుకుంటాయి. కాన్పుకి పుట్టింటికొచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారు ఊరివాళ్ళు. వాకిట్లో రెట్టలు పడినా, వాసనొచ్చినా ఊడ్చుకుంటారు గానీ తరిమెయ్యరు. ఊడ్చే చేతులు ఎవరివో మీకు చెప్పాలా? సంక్రాంతి సెలవులు ఈ చోటుకి మంచి అదను.

టెక్కలి దగ్గర రావివలసలో ఎండల మల్లికార్జునుడున్నాడు. కప్పులేని గుడిలో, ఎండకి ఎండీ వానకి తడిసీ నిలబడిన పెద్ద లింగం. కార్తీక సోమవారాల్లో జనం విరగబడతారు. తీరిగ్గా చూడాలంటే మామూలు రోజు వెళ్ళండి. ఉత్తరాన బారువలో సముద్రం, దీపస్తంభం, కోటిలింగేశ్వరుడి గుడి ఉన్నాయి. మహేంద్రతనయ నది కడలిలో కలిసేదీ అక్కడే. మహేంద్రతనయ అంటే మహేంద్రగిరి కూతురు. ఎంత మంచి పేరు! తెల్లవారుఝామున తడి ఇసుకలో ఓ మైలు నడిస్తే పదిరోజుల అలసట తీరుతుంది. నీళ్ళలోకి మాత్రం లోపలికి వెళ్ళకండి. వచ్చేటప్పుడు మందస కోవా మరచిపోకండి.

ఉద్దానం తోటల్లో నడిచేటప్పుడు మరో మాట కూడా పిల్లలకి చెప్పాలి. 2013లో ఫైలిన్, 2018 అక్టోబరులో తిత్లీ తుపాన్లు ఈ తోటల్ని నేలమట్టం చేశాయి. కొబ్బరి చెట్టు మళ్ళీ కాపుకి రావాలంటే ఏళ్ళు పడుతుంది. కిడ్నీ జబ్బు ఈ పల్లెల్ని ఏళ్ళ తరబడి పీడిస్తోంది. పలాసలో కిడ్నీ ఆస్పత్రి, పల్లెలకి వంశధార నీళ్ళు 2023 డిసెంబరులో మొదలయ్యాయి. చూడ్డానికి వెళ్ళినవాళ్ళం అక్కడివాళ్ళ కష్టాన్ని వింతగా చూసి రాకూడదు. తోటలోకి అడుగు పెట్టేముందు అడగండి. కాయ కొనండి, కొయ్యకండి. చెత్త వదలకండి.

పలాసలో జీడిపప్పు కొనని వాళ్ళుండరు. ఆ తెల్లటి పలుకు మన చేతికొచ్చేసరికి ఎందరు ఆడవాళ్ళ వేళ్ళ మధ్య నుంచి వచ్చిందో తెలుసా? కాల్చిన గింజని కొట్టడం, పై పొర ఒలవడం, విరక్కుండా ఏరడం. తొక్కలోంచి వచ్చే జీడి తగిలితే చర్మం బొబ్బలెక్కుతుంది. బేరమాడేటప్పుడు ఆ వేళ్ళు ఓసారి గుర్తుకి రావాలి. పని మానితే కూలి పోయే మనిషికి సెలవన్న మాటే ఉండదు. మన ఇంట్లో అమ్మ సంగతి మాట్లాడుకుంటున్నాం సరే, మన ఇంట్లో అంట్లు తోమే అప్పకి కూడా ఏడాదిలో నాలుగు రోజులు జీతంతో సెలవిస్తున్నామా? ఈ ప్రశ్న వేసుకోకుండా విహారాల గురించి రాయడం సబబు కాదు.

ఇప్పుడు అసలు మాటకి వద్దాం. ఈ ప్రయాణం అమ్మకి సెలవు కావాలంటే ఏం చెయ్యాలి? ముందుగా ఇంట్లో అందరూ కూచుని పని పంచుకోండి. ఎవరి సంచీ వాళ్ళు సర్దుకోవాలి. పదేళ్ళు దాటిన పిల్లలకి తమ బట్టలు మడత పెట్టుకోవడం చేతకాదంటే నేర్పని తప్పు మనదే. టిక్కెట్లు, బస, మందుల సంచీ నాన్న చూసుకోవాలి. తినుబండారాలు నాలుగు రకాలు వండుకుని మోసుకుపోవద్దు. పలాసలోనూ టెక్కలిలోనూ ఇడ్లీ దొరుకుతుంది. కాచిన నీళ్ళు మాత్రం పట్టుకెళ్ళండి. చుట్టాలింట్లో దిగితే మగవాళ్ళు అరుగు మీద, ఆడవాళ్ళు పొయ్యి దగ్గర అన్న పాత పద్ధతి ఆ రెండ్రోజులయినా పక్కన పెట్టండి. లేకపోతే మీ రాక ఆ ఇంటి ఇల్లాలికి మరింత చాకిరీ అవుతుంది.

మరొకటి. రోజులో ఒక పూటయినా ఆవిడని ఒంటరిగా వదిలెయ్యండి. పిల్లల్ని నాన్న తిప్పుకొస్తాడు. ఆవిడ గట్టు మీద కూచుంటుందో, స్నేహితురాలితో నడుస్తుందో, పడుకుని నిద్రపోతుందో ఆవిడ ఇష్టం. ఎందుకని అడక్కండి.

"డబ్బులు పోసి పల్లెటూళ్ళో ఏం చూస్తాం?" అనే పెద్దవాళ్ళు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. వాళ్ళనీ వెంట తీసుకెళ్ళండి. చిన్న రైలు ఎక్కిన మనిషి ఆ ప్రాంతపు ప్రతి ఇంట్లో ఒకరయినా ఉంటారు. ముఖ్యంగా అమ్మమ్మలు. కొత్త కోడలిగా ఏ పెట్టెలో ఎక్కిందో, ఏ స్టేషన్లో ఏం కొనుక్కుందో, కంట్లో నలుసు పడితే ఎవరు ఊదారో వాళ్ళకి తెలుసు. రాజాగారి పేరు చరిత్రలో ఉంటుంది. ఆ రైలులో చంకన బిడ్డతో నిలబడి ప్రయాణం చేసినావిడ పేరు ఎక్కడా ఉండదు. అడిగితే చెబుతుంది. అడిగేవాళ్ళే లేరు.

ఈసారి సెలవులకి ఒక నోటుపుస్తకం కొని పిల్లల చేతికివ్వండి. రైల్లో అమ్మమ్మ పక్కన కూచోబెట్టండి. ఆవిడ చెప్పింది ఆవిడ మాటల్లోనే, ఆ యాసలోనే రాసుకోమనండి. ఆ కాసేపూ సంచీ ఎక్కడుంది, మంచినీళ్ళేవి, టిఫినేదని మాత్రం అమ్మని అడగొద్దనండి. ఆవిణ్ణి కిటికీ పక్కన కూచోనివ్వండి.