సంపాదకుని మాట: సరస్సుకు ఇరుగట్లా

ఉద్యోగరీత్యా కొన్నేళ్లు పరదేశంలో ఉండి, ఆపై స్వదేశానికో మరో దేశానికో తరలివెళ్లే వారిని తాత్కాలిక ప్రవాసులు అనవచ్చు. ఢాకా నగరంలో అటువంటివారు అధికంగా నివసించే గుల్షన్, రాయబార కార్యాలయాలు నెలకొన్న బారిధారా సంపన్నులకు, విదేశీయులకు నెలవులు. 2016 జులై 1న గుల్షన్‌లోని హోలీ ఆర్టిజాన్ బేకరీపై జరిగిన ఉగ్రదాడిలో ఇటలీ, జపాన్ దేశస్థులు, బంగ్లాదేశీయులు, ఒక భారతీయురాలు మరణించాక అక్కడ భద్రతా ఏర్పాట్లు మరింత కట్టుదిట్టమయ్యాయి. అయితే అక్కడి ఇళ్లలో వంట చేసేవారు, కార్లు నడిపేవారు ఎందరో గుల్షన్ పక్కనున్న సరస్సుకు ఆవలిగట్టునున్న కొరాయిల్ బస్తీ, అంటే పేదల ఇరుకు నివాసాల సముదాయం, నుంచే వస్తారు కనుక, ఇరుగట్ల మనుషుల మధ్య ఏర్పడే గౌరవమే ప్రవాస జీవితానికి సరైన కొలమానమని ఈ సంచిక విశ్వసిస్తోంది.