కోటలు కూలాయి, పేట కదల్లేదు



మొన్న పాతపట్నంలో గ్రూప్స్‌కి చదువుతున్న ఒక తమ్ముడు అడిగాడు. "అన్నా, ఇటలీ నగర రాజ్యాలు పడిపోయాయి, పెద్ద రాజులొచ్చారు అని బట్టీ పడుతున్నాను. దీంతో మనకేటి పని?"

పని ఉంది తమ్ముడూ. మహేంద్రతనయ ఒడ్డున కూర్చుని చదువు. మన కథే కనిపిస్తుంది.

ఫ్లోరెన్స్, మిలాన్, వెనిస్... వ్యాపారంతో, వడ్డీతో బలిసిన ఊళ్ళు. ఒకరంటే ఒకరికి పడదు. 1494లో ఫ్రెంచి రాజు ఎనిమిదో చార్లెస్ నేపుల్స్ మీదికి ఆల్ప్స్ దాటి దిగాడు. రమ్మని ఎగదోసిన వాళ్ళలో మిలాన్ పాలకుడు లుడొవికో స్ఫోర్జా ఒకడు. పక్కోడి పీడ పోతుందనుకున్నాడు. ఐదేళ్ళు తిరక్కుండానే తర్వాతి ఫ్రెంచి రాజు మిలాన్‌నే మింగేశాడు. లుడొవికో ఫ్రాన్స్‌లో ఖైదీగా చచ్చిపోయాడు. 1530లో ఫ్లోరెన్స్ రిపబ్లిక్ కూడా చక్రవర్తి ఐదో చార్లెస్ సైన్యానికి లొంగిపోయింది.

ఇప్పుడు మన దగ్గరికి రండి. విజయనగరం రాజు విజయరామరాజుకి బొబ్బిలి అంటే గిట్టదు. ఫ్రెంచి బుస్సీని వెంటేసుకుని 1757 జనవరి 24న బొబ్బిలి కోట మీద పడ్డాడు. కోట బూడిదైంది. తాండ్ర పాపారాయుడి చేతిలో విజయరామరాజూ పోయాడు. ఇద్దరూ కొట్టుకుని మిగిల్చింది ఎవడికి? ముందు ఫ్రెంచోళ్ళకి, తర్వాత ఇంగ్లీషు కంపెనీకి. 1768లో కంపెనీ సైన్యం పర్లాకిమిడి రాజును జలుమూరు దగ్గర ఓడించింది. 1794 జూలై 10న పద్మనాభంలో చిన విజయరామరాజును చంపింది. 1802 శాశ్వత శిస్తుతో రాజులంతా కంపెనీకి శిస్తు కట్టే జమీందార్లయ్యారు.

రెండూ అచ్చంగా ఒకటే అనడం లేదు. ఫ్లోరెన్స్ రిపబ్లిక్, బొబ్బిలి రాజుల సంస్థానం. అక్కడ మింగింది రాజులు, ఇక్కడ ఒక వ్యాపార కంపెనీ. కానీ ఒక ప్రశ్న రెండు చోట్లా అడగాలి. పుస్తకాలు అడగని ప్రశ్న అది. ఆ రాజ్యాల్లో అడుగున ఉన్నోళ్ళకి ఏం వాటా ఉంది?

ఫ్లోరెన్స్‌కి పేరు తెచ్చింది ఉన్ని బట్ట. ఆ ఉన్నిని ఏరి, దువ్విన కూలీలకి సంఘం పెట్టుకునే హక్కు లేదు. వాళ్ళని చోంపీ అనేవారు. 1378లో తిరగబడి ప్రభుత్వంలో చోటు సంపాదించారు. 1382కల్లా పెద్ద వ్యాపారులు అదంతా లాగేసుకున్నారు. తర్వాత మాకియవెల్లి కిరాయి సైనికుల్ని నమ్మొద్దని చెప్పి, చుట్టుపక్కల పల్లెల రైతుల్ని సైన్యంలోకి తెచ్చాడు. వాళ్ళకి ఆయుధం ఇచ్చారు గానీ పౌరసత్వం ఇవ్వలేదు. 1512లో ప్రాటో దగ్గర ఆ సైన్యం చెదిరిపోయింది. తనది కాని ఊరి కోసం ఎవడు చస్తాడు?

మన దగ్గర అంత కూడా లేదు. బొబ్బిలి కథ బుర్రకథయింది, సినిమా అయింది. అందులో మాలపేట ఎక్కడ? రెల్లి వీధి ఎక్కడ? కోటకి రాళ్ళు మోసినోళ్ళు, వెట్టి చేసినోళ్ళు ఎక్కడ? కులం మెజారిటీ జనం చేతిలో ఆయుధం లేకుండా చేసిందని అంబేడ్కర్ చెప్పింది ఇందుకే. జనాన్ని బయట పెట్టిన కోట, బయటోడిని పిలిచిన రోజు కాదు, అంతకు ముందే కూలింది.

"అయితే కేంద్రం బలంగా ఉండడమే మనకి మంచిదా అన్నా?" అని తమ్ముడు మళ్ళీ అడిగాడు. తొందరపడకు.

నిజమే, 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ పల్లెని పొగిడేవాళ్ళని ఎండగట్టాడు. ఊరు కాదు, మనిషే రాజ్యాంగానికి పునాది అన్నాడు. పల్లెలో మనకి న్యాయం దొరకదని ఆయనకి తెలుసు. 1989 అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది కూడా ఢిల్లీ నుంచే. కానీ పెద్ద రాజ్యం వచ్చినంత మాత్రాన వాటా రాదు. 1948లో మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం జమీందారీని తీసేసింది. పట్టాలు రికార్డుల్లో పేరున్న రైతులకి దక్కాయి. కంబారి పేరు ఏ రికార్డులో ఉంది? 2012 జూన్ 12న వంగర మండలం లక్ష్మీపేటలో ఐదుగురు దళితుల్ని చంపారు. మద్దువలస రిజర్వాయరుకి సర్కారు తీసుకోగా మునగకుండా మిగిలిన భూమిని సాగు చేసుకోవడమే వాళ్ళ తప్పు. రాజు లేడు, జమీందారు లేడు, కంపెనీ లేదు. భూమి సర్కారుది. చంపిన చెయ్యి మాత్రం ఊరిదే.

ఇవాళ ఒకడు రాష్ట్రాల హక్కులంటాడు, ఇంకోడు బలమైన కేంద్రమంటాడు. ఇద్దరినీ ఒకటే అడగండి: అందులో మా భూమెంత, మా కుర్చీలెన్ని, మా మీద చెయ్యేస్తే కేసు కట్టేదెవరు? జవాబు చెప్పకపోతే, వాళ్ళది కోటల కొట్లాట. మనం రాళ్ళు మొయ్యక్కర్లేదు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఈ సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు మీ మామ్మని అడగండి. మన ఊరు ఏ జమీందారు కింద ఉండేది, మనోళ్ళు ఎవరింట్లో వెట్టి చేశారు, జమీందారీ పోయాక మనకి ఎన్ని సెంట్లొచ్చాయి? రాసి దాచుకోండి. పరీక్షలో ఆ ప్రశ్న రాదు. అది మనమే వెయ్యాల్సిన ప్రశ్న.

జై భీమ్.