వరిపైరు ఓర్పు

ఓర్పు అనగానే చేతులు ముడుచుకొని కూర్చోవడమని అర్థం చెప్పుకొనేవారు మనలో చాలమంది కలరు. ఉర్దూలో సబ్ర్ అనే మాటకు కూడా ఇదే గతి పట్టింది. కదలలేని మొక్కను అట్టి ఓర్పునకు ఉపమానంగా చెప్పడం మనకు అలవాటు. తెలుగు పాఠం చెప్పేవాడు వృక్షశాస్త్రం జోలికి పోవడమేమని వైజ్ఞానిక శాఖ మిత్రులు నవ్వవచ్చును గాని, ఈ ఉపమానం మొక్క పట్ల అన్యాయమని నా అభిప్రాయం. వరదలో మునిగిన వరినే చూడండి.

వరి నీటిలో పెరిగే పైరే అయినా నిలువునా మునిగితే ఎక్కువ రోజులు బ్రతకదు. ప్రాణవాయువు చాలినంత అందదు. బురదనీటిలో వెలుతురు చాలదు. మొక్క సహజంగా తయారుచేసే ఇథిలీన్ వాయువు బయటికి పోలేక లోపలనే పోగవుతుంది. ఆ పోగుపాటే మొక్కకు అందే ప్రమాదవార్త. వార్త అందగానే మామూలు వరి, జిబ్బరెల్లిన్ అనే పెరుగుదల హార్మోను ప్రేరణతో సాగి, నీటిపైకి తల ఎత్తాలని తొందరపడుతుంది. వరద లోతైనదైతే ఆ తొందరలోనే దాచుకొన్న పిండిపదార్థమంతా ఖర్చయిపోతుంది. నీరు తీసేనాటికి మిగిలేది కుళ్ళిన దుబ్బు.

ఒడిశా రైతులు తరతరాలుగా సాగుచేసిన పాతవరి నుండి ఎంపికైన ఎఫ్.ఆర్. 13 ఎ అనే రకం నడక వేరు. అందులోని సబ్-1ఎ అనే జన్యువు అదే ఇథిలీన్ వార్తకు మేల్కొని ఒక మాంసకృత్తును తయారు చేయిస్తుంది. దాని ప్రభావంతో జిబ్బరెల్లిన్‌కు పగ్గాలు వేసే ఇతర మాంసకృత్తులు బలపడతాయి. పెరుగుదల ఆగుతుంది, పిండి మిగులుతుంది. రెండు వారాల వరకు మునిగియుండి, నీరు తీసిన పిమ్మట ఆ నిల్వతోనే పైరు కొత్త ఆకు తొడుగుతుంది. ఈ జన్యువు సంగతి 2006లో వెల్లడైనది. ఇక నెలల తరబడి లోతునీరు నిలిచే చోట్ల పెరిగే వరిలో, ఈ కుటుంబానికే చెందిన స్నార్కెల్ జన్యువులను 2009లో గుర్తించారు. అవి ఇందుకు పూర్తిగా విరుద్ధంగా కాండాన్ని వేగంగా పొడిగిస్తాయి. వార్త ఒకటే, ఏ నీటికి ఏ జవాబు తగునో ఆ నేలలోని విత్తనం నేర్చుకొన్నది. దీనిని నిష్క్రియత్వమని ఎట్లు అనగలం?

ఈ కథలో మనకూ భాగం ఉన్నది. పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరు పరిశోధనాకేంద్రం నుండి 1982లో వెలువడిన స్వర్ణ రకం దిగుబడిలో మేటి, ముంపులో అల్పప్రాణి. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ శాస్త్రజ్ఞులు, సంకరణం చేసి, తరతరానికీ పిల్లమొక్కల డి.ఎన్.ఎ.ను పరీక్షించి ఏరుకొంటూ, సబ్-1ఎను స్వర్ణలోనికి తెచ్చారు. 2009లో స్వర్ణ సబ్-1 మన దేశంలో విడుదలైనది. ఇది సర్వరోగనివారిణి కాదు. వరద రెండు వారాలు మించినా, పూతదశలో వచ్చినా దీని బలం చాలదు. అయినప్పటికీ అయిదారు రోజుల ముంపుకే చేను పోగొట్టుకొనే కౌలురైతుకు ఇది చిన్న మేలు కాదు.

నన్ను ఆలోచింపజేసేది మరొక సంగతి. ఎఫ్.ఆర్. 13 ఎ తక్కువ దిగుబడినిచ్చే రకం. ఎకరానికెన్ని బస్తాలన్న ఒక్క లెక్కనే పట్టుకొని ఉంటే అది ఏనాడో కనుమరుగై ఉండేది. దానితోపాటు ఆ జన్యువూ పోయేది. అక్కుళ్ళు, కృష్ణకాటుకలు వంటి పేర్లు నేడు వృద్ధుల నోటనే తరచుగా వినవస్తున్నవి. వాటిలో ఏ గుణం దాగియున్నదో చేను చూచినవారే చెప్పగలరు, చెప్పేవారు తగ్గిపోతున్నారు.

కనుక పాలకవర్గం వారికి ఒక విన్నపం. వేసవి సెలవులలో రైతుబిడ్డలైన మన విద్యార్థుల చేత ఊరూరా పాతవరి పేర్లను, అవి ఏ నేలలో ఎన్నాళ్ళు నీటికి నిలిచేవో ఆ వివరాలను, దొరికినచోట గుప్పెడు గింజలను సేకరింపజేయాలి. పేర్లు వ్రాసుకొనే పని తెలుగు, ఉర్దూ శాఖలది. గింజలను గుర్తించి దగ్గరలోని వ్యవసాయ పరిశోధనా కేంద్రానికి అప్పగించే పని వృక్షశాస్త్ర శాఖది. ఒక నోటుపుస్తకం, కొన్ని కాగితపు సంచులు, బస్సు ఛార్జీలు చాలు.