ఓడినా న్యాయంగా ఓడాలి

సంచికకు ఏదైనా రాయమని విద్యార్థి సంఘం వారు అడిగితే, పూర్వ విద్యార్థులు సాధారణంగా క్రమశిక్షణ మీదో, యువత బాధ్యత మీదో రాసి పంపుతారు. నేను ఒక వీడియో గేమ్ మీద రాస్తున్నాను. పెద్దలు నవ్వుకోవచ్చు. నవ్వి, చివరిదాకా చదవమని మాత్రం మనవి.

మాది ఆళ్లగడ్డ. 1995 ప్రాంతంలో నంద్యాలలో చదువుకొనే రోజుల్లో, సాయంత్రం బస్సెక్కే ముందు జేబులో రూపాయి బిళ్లలుంటే నా కాళ్లు వీడియో గేముల అంగడి వైపే లాగేవి. అక్కడ ‘స్ట్రీట్ ఫైటర్ టూ’ ఆడేవాణ్ణి. ఓడిన రోజులే ఎక్కువ. అయినా బస్సు ఆళ్లగడ్డ చేరేలోగా ఎక్కడ తప్పు చేసిందీ తెలిసిపోయేది. మర్నాడు ఆ తప్పు చేసేవాణ్ణి కాదు. కొత్త తప్పు చేసేవాణ్ణి, అది వేరే సంగతి!

మొన్న సెలవుల్లో నంద్యాలలోని మా అక్క ఇంటికి పోతే, డిగ్రీ చదివే మా మేనల్లుడు “మామా, నీ ఆటకు నాయన ఇది” అంటూ 1987 నాటి మొదటి ‘స్ట్రీట్ ఫైటర్’ పెట్టినాడు. క్యాప్‌కామ్ కంపెనీ 2018లో తన పాత ఆటలు 12 కలిపి ఒక సంపుటంగా తెచ్చింది. అందులో ఇదీ ఉంది. ఎంతో ఆశతో కూర్చున్నాను. గంటలో ఆశ అడుగంటింది.

మొదటి లోపం, ఎంచుకోవడానికి మనిషే లేడు. మొదటి ఆటగాడు ర్యూ, రెండో ఆటగాడు కెన్. ఇద్దరి దెబ్బలూ ఒకటే; జుట్టు, బట్టల రంగులే తేడా. జపాను నుంచి థాయ్‌లాండ్ దాకా ఐదు దేశాల్లో పదిమంది ప్రత్యర్థులు వస్తారు. వైవిధ్యమంతా వాళ్లకే, మనకేమీ లేదు.

రెండోది అసలు లోపం. పిడి కిందికి లాగి, ముందుకు తిప్పి, గుద్దు మీట నొక్కితే ర్యూ చేతిలోంచి నిప్పుబంతి రావాలి. పదిసార్లు తిప్పితే ఒకటి రెండుసార్లు వచ్చింది. వచ్చినప్పుడు మేము కొత్తగా చేసిందేమీ లేదు, రానప్పుడు మానిందేమీ లేదు. తగిలితే మాత్రం ఎదుటివాడి బలంలో పెద్ద ముక్క ఎగిరిపోతుంది. ఇది కుస్తీ కాదు, లాటరీ.

“పాత ఆటను ఇప్పటి కళ్లతో చూడగూడదు మామా” అన్నాడు వాడు. నిజమే. బొమ్మలు మొరటుగా ఉన్నాయని నేను తప్పు పట్టడం లేదు. 1980 నాటి ‘ప్యాక్‌మ్యాన్’ ఇంకా పాతది. అందులో ఏ మలుపు దగ్గర దొరికిపోయామో చిన్నపిల్లవాడు కూడా చెబుతాడు. మా ఊరి శిల్పుల దగ్గర పని నేర్చుకొనే కుర్రవాణ్ణి చూడండి. ఉలి తప్పుగా పెడితే రాయి పెచ్చులేస్తుంది, సరిగా పెడితే గీత పడుతుంది. రాయి అబద్ధమాడదు, కాబట్టే వాడు శిల్పి అవుతాడు.

మొదటి ఆటలో మంచి లేదనను. చేతి తిప్పుడులో దెబ్బ దాచడమనే ఆలోచన అందులో ఉంది. 1991లో వచ్చిన రెండో ఆట ఆ ఆలోచననే తీసుకొని, ఎనిమిదిమంది యోధులను మన చేతికిచ్చి, చేతికీ తెరకూ మధ్య నమ్మకం కలిపింది. లోకం దాన్ని నెత్తిన పెట్టుకొంది.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, ఇరవైసార్లు తిప్పినాక మా వాడు పిడి వదిలేసి, “నా చెయ్యే మంచిది కాదులే మామా” అన్నాడు. గుండె కలుక్కుమంది. అంతకు ముందు రోజే ఒక ఉద్యోగపు ఇంటర్వ్యూలో కారణం చెప్పకుండా పంపేస్తే, వాడు ఇంటికొచ్చి అన్న మాట కూడా ఇదే.

తప్పు తనదో యంత్రానిదో తెలియని ఓటమి, మనిషికి ఏమీ నేర్పదు. తనను తాను తిట్టుకోవడం మాత్రం నేర్పుతుంది. అధ్యాపక మిత్రులారా, మార్కులు తగ్గించండి, ఎవరూ వద్దనరు. ఆ నాలుగు మార్కులు ఎక్కడ పోయినాయో పేపరు మీద ఒక్క ముక్క రాయండి. విద్యార్థి మిత్రులారా, ఓడినప్పుడు ముందు మీ చేతినే చూసుకోండి. తర్వాత ఆ పిడినీ ఒకసారి పరీక్షించండి. అన్నిసార్లూ తప్పు మీ చేతిదే కానక్కరలేదు.