యార్డు లేస్తోంది, షెడ్డు మునుగుతోంది!



దసరా వెళ్లిపోయింది, దీపావళి గడపలో ఉంది. ఏటా ఈ రోజుల్లో మన బులెటిన్‌లో బోనసు గురించే రాస్తాం. ఈసారి బోనసు కన్నా ముందు డాంబరు గురించి రాయాల్సి వచ్చింది. ఎందుకంటే బోనసు చర్చలకు కూర్చున్న మొదటి రోజునే యాజమాన్యం మన ముందు పెట్టింది డాంబరు బిల్లు! "యార్డుకూ పార్కింగుకూ ఎంత ఖర్చయిందో చూసి మాట్లాడండి" అన్నారు. చూశాం. కాగితం మీద చూసి ఊరుకోలేదు, టేపు పట్టుకుని యార్డులోకి వెళ్లి కూడా చూశాం. అందుకే మాట్లాడుతున్నాం.

మిల్లు పేరు ఇక్కడ వేయడం లేదు. అందులో పనిచేసేవాళ్లకు తెలుసు. భివండిలో మిగతా గేట్లవాళ్లు తమ గేటు పేరు పెట్టుకుని చదువుకోవచ్చు, పెద్దగా తేడా ఉండదు.

మాలో పెద్దవాళ్లం 1980ల చివర్లో కరీంనగర్, నల్లగొండ జిల్లాల నుంచి మీసాలు రాని వయసులో వచ్చి ఈ షెడ్డులో చేరాం. అప్పుడు యార్డులోంచి సాంచాల దగ్గరికి పోవాలంటే రెండు మెట్లు ఎక్కాలి. పాళీ మారేటప్పుడు ఆ మెట్ల మీదే కూర్చుని చాయ్ తాగేవాళ్లం, ఊరినుంచి వచ్చిన ఉత్తరాలు చదువుకునేవాళ్లం. ఇవాళ ఆ మెట్లు లేవు. ఎవరూ ఎత్తుకుపోలేదు. అక్కడే ఉన్నాయి, డాంబరు కింద!

ప్రతి రెండు మూడేళ్లకోసారి పాతదాని మీదే కొత్త పొర. పాతది గీకరు, తీయరు, ఊడ్చి మీద పోస్తారు. మోరీ పక్కన పెచ్చు లేచిన చోట అంచు చూస్తే చపాతీల దొంతరలా కనిపిస్తుంది. లెక్కపెడితే ఏడు పొరలు, కొలిస్తే పదకొండు అంగుళాలు. యార్డు పదకొండు అంగుళాలు లేచిందంటే షెడ్డు పదకొండు అంగుళాలు కుంగినట్టే కదా! ఒకప్పుడు వాన నీళ్లు మన షెడ్డు నుంచి యార్డులోకి, యార్డు నుంచి మోరీలోకి పోయేవి. ఇప్పుడు యార్డు నుంచి షెడ్డులోకి వస్తున్నాయి. ఆ నీళ్లు ఆపడానికి యాజమాన్యం చేసిన గొప్ప ఉపాయం ఏమిటంటే గుమ్మానికి అడ్డంగా మూరెడు ఇటుక కట్ట. పోయిన జులైలో నెత్తిన కండెల గంపతో ఆ కట్ట దాటబోయి మన వదిన ఒకామె బోర్లా పడింది. మణికట్టు విరిగింది. ఆరు వారాలు పని లేదు, కూలీ లేదు. అదే నెలలో ఒక రాత్రి పాళీలో కట్ట దాటి నీళ్లు వచ్చేశాయి. సాంచా మోటర్లు నేలకు ఎంత ఎత్తులో ఉంటాయో మీకు తెలుసు. ఒక సాంచా తమ్ముడికి షాకు కొట్టి అవతల పడ్డాడు. జాబరు పరుగున పోయి మెయిన్ స్విచ్ దించాడు కనుక ఇవాళ మనం బోనసు గురించి, డాంబరు గురించి మాట్లాడుకుంటున్నాం. లేకపోతే ఇంకో కాగితం గురించి మాట్లాడుకునేవాళ్లం.

ఇక్కడ మా తప్పు కూడా ఒప్పుకోవాలి. ఏడు పొరల్లో ఒకదానికి కొబ్బరికాయ కొట్టింది మేమే! "కార్మికుల కోరిక మేరకు కొత్త యార్డు" అని బోర్డు పెడితే కమిటీ అంతా నిలబడి ఫోటో దిగాం. నల్లగా, నున్నగా కనిపిస్తే బాగుందనుకున్నాం. కింద ఏముందో అడగలేదు. అడగడం తెలియలేదు. ఆ తర్వాత అడిగి తెలుసుకున్నాం. మనలో కొందరు వానాకాలం సాంచాలు ఆగినప్పుడు రోడ్డు పనులకు పోయినవాళ్లే, వాళ్లే మాకు మేస్త్రీలయ్యారు.

మొదట తెలుసుకోవాల్సింది డాంబరు ఎందుకు చెడుతుందో. ఊళ్లో తారు అంటాం, ఇక్కడ డాంబర్ అంటారు, ఇంజనీర్లు బిటుమెన్ అంటారు. ముడి చమురు శుద్ధి చేయగా అడుగున మిగిలే జిగురు అది. కంకరను పట్టి ఉంచడమే దాని పని. ఎండకూ గాలికీ ఆ జిగురు ఏటేటా గట్టిపడి, నలుపు పోయి బూడిద రంగుకు తిరుగుతుంది. గట్టిపడ్డది పెళుసవుతుంది, సన్న పగుళ్లు వస్తాయి. ఎండ ప్రాంతంలో అయితే అక్కడితో కొంతకాలం ఆగుతుంది. మనది కొంకణ తీరం. జూన్ నుంచి సెప్టెంబరు దాకా రెండు వేల మిల్లీమీటర్లకు పైగా వాన పడే నేల. పగుల్లోకి దిగిన నీళ్లు కంకరకూ జిగురుకూ మధ్య దూరతాయి. పైనుంచి టెంపో చక్రం నొక్కినప్పుడల్లా లోపలి నీళ్లు పంపు కొట్టినట్టు కదులుతాయి, జిగురు కంకరను వదిలేస్తుంది. రాయి ఊడుతుంది, ఒక రాయి ఊడితే పక్కది ఊడుతుంది, వారంలో గుంత. దీనికి తోడు ఖాడీలో పోటు వచ్చినప్పుడు మోరీలు ఖాళీ కావు, వాన ఆగినా యార్డులో నీళ్లు గంటల తరబడి నిలుస్తాయి. టెంపోలు నిలిచే చోట మరో శత్రువు ఉంది. డీజిలు, ఇంజను ఆయిలు. రెండూ చమురు నుంచి వచ్చినవే కదా, బొట్టు బొట్టుగా కారి డాంబరును మెత్తగా కరిగించేస్తాయి. పార్కింగులో టెంపోల ఇంజన్ల కింద వరసగా గుంతలు పడేది అందుకే. డ్రైవర్ల మీద అరిస్తే అవి పూడవు.

ఇప్పుడు యాజమాన్యం చేసిన మరమ్మతు చూడండి. మే ఆఖరి వారంలో మొదలుపెట్టారు. ఇక్కడ రుతుపవనం దిగేది జూన్ రెండో వారంలో. పదకొండు నెలలు నిద్రపోయి వాన ముందర పది రోజులు పరుగులు! బిల్లులో పొర మందం 40 మిల్లీమీటర్లు. పెచ్చు లేచిన చోట మేము కొలిస్తే 20 దాటిన చోటు ఒక్కటీ లేదు. మొసలి తోలులా పగిలిన చోట్ల అడుగు పరీక్షించకుండా పైన పోశారు. మొసలి పగుళ్లంటే జబ్బు పైపొరది కాదు, అడుగున రాళ్ల పరుపు తడిసి కుంగిందని అర్థం. దాని మీద ఎంత పోసినా ఆ పగులే మళ్లీ పైకి వస్తుంది. పుండు కడగకుండా కట్టు కట్టినట్టే. కృష్ణాష్టమికి పగుళ్లు, గణపతికి గుంతలు, దసరాకు బిల్లు!

సరైన పని ఎలా ఉంటుందో కూడా చెప్పాలి, లేకపోతే "యూనియన్‌వాళ్లకు తిట్టడమే వచ్చు" అంటారు.

పైన రంగు వెలిసి, సన్న గీతలు మాత్రమే పడిన చోట పగుళ్లు శుభ్రం చేసి నింపి, సీలు పూత వేస్తే చాలు, పెద్ద ఖర్చు అక్కర్లేదు. కుంగిన చోట పూత వేయడం దండుగ. అక్కడ చదరంగా కోసి, తడిసిన మట్టి తీసి, కంకర పొరలు పొరలుగా వేసి రోలరుతో తొక్కించి, ఆ పైన డాంబరు వేయాలి. మన యార్డులో అన్నిటికన్నా ముందు జరగాల్సింది గీకుడు. మిల్లింగ్ మిషన్ అని ఉంటుంది, పాత పొరలను కోసి తీసేస్తుంది. మట్టం కిందకు దిగాకే కొత్త పొర. నీళ్లు పోవడానికి వాలు, పది అడుగులకు మూడు అంగుళాలు, షెడ్డు వైపు నుంచి మోరీ వైపుకు. కొత్త పొరకు ముందు పాతదాని మీద జిగురు నీళ్లు చల్లుతారు, ఎమల్షన్. చల్లినప్పుడు గోధుమ రంగులో ఉంటుంది, నీళ్లు ఆరాక నల్లబడుతుంది. నల్లబడ్డాకే మాలు వేయాలి. మన సముద్రపు గాలిలో తేమ ఎక్కువ, ఆరడానికి ఆలస్యమవుతుంది, కాంట్రాక్టరుకు ఆగే ఓపిక ఉండదు. మే నెలలో మేము కళ్లారా చూశాం, గోధుమ రంగు మీదే మాలు దించారు. మామూలు వీజీ-30 డాంబరు మాలు పరిచేటప్పుడు కనీసం 140 డిగ్రీల వేడి ఉండాలి, 90కి పడేలోపు రోలరు పని ముగియాలి. లారీ గేటు బయట ట్రాఫిక్‌లో చిక్కి మాలు చల్లబడితే దాన్ని తిప్పి పంపాలి. ఆ రోజు తిప్పి పంపారా? థర్మామీటరు ఎవరి చేతిలోనైనా ఉందా?

టెంపోలు నిలిచే చోటుకు అసలు డాంబరే వద్దు. సిమెంటు బ్లాకులు పరచండి, ఆయిలుకు కరగవు. కుంగితే ఆ నాలుగు తీసి కింద సరిచేసి మళ్లీ పెట్టుకోవచ్చు.

ఇవేవీ మేము కనిపెట్టిన కొత్త శాస్త్రం కాదు. పాత పొర గీకకుండా రోడ్ల మీద రోడ్లు వేసుకుంటూ పోతే ఇళ్లలోకి నీళ్లు వస్తున్నాయని 2021లో తమిళనాడు ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి గీకి వేయమని ఉత్తర్వే ఇచ్చారు. అక్కడి వీధులకు వర్తించిన బుద్ధి ఇక్కడి యార్డుకు ఎందుకు వర్తించదు?

ఇంకో సంగతి. ఆ మాలు పరిచింది ఎవరనుకున్నారు? పాలమూరు కూలీలు, మనవాళ్లే. ఆడవాళ్లు చీర కొంగు మూతికి చుట్టుకుని, మగవాళ్లు కాళ్లకు గోనె పట్టాలు కట్టుకుని. బూట్లు లేవు, గ్లౌజులు లేవు. మే ఎండ పైన, మాలు సెగ కింద. ఒక పెద్దమనిషిని "నీళ్లు తాగినవా?" అని అడిగితే "మేస్త్రీ బండి పోయినంక తాగుతం బిడ్డా" అన్నాడు. 40 అన్న చోట 20 వేసింది వాళ్లు కాదు. మిగిలిన 20 వాళ్ల చేతికి కూలీగా వచ్చిందీ లేదు. కోపం ఎవరి మీద చూపాలో మనకు తెలిసి ఉండాలి.

"యార్డు సంగతి యాజమాన్యం ఇష్టం, మీకు సంబంధం లేదు" అని మేనేజరు అన్నాడు. సంబంధం ఉంది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 32వ సెక్షన్‌లోనే నేలలు, మెట్లు, దారులు గట్టిగా ఉండాలని, జారకుండా, అడ్డు లేకుండా చూడాలని రాశారు. 2025 నవంబరు 21 నుంచి దాని స్థానంలో వచ్చిన 2020 నాటి వృత్తి భద్రతా కోడు కూడా పని స్థలంలో దెబ్బ తగిలించే ప్రమాదాలు లేకుండా చూడటం యజమాని బాధ్యతే అంటుంది. ఆ కోడుల మీద మన అభ్యంతరాలు మనకున్నాయి, అవి వేరే సంచికలో రాశాం, మళ్లీ రాస్తాం. కానీ చట్టం పాతదైనా కొత్తదైనా, గుమ్మానికి అడ్డంగా ఇటుక కట్ట కట్టి నీళ్లలో మోటర్లు నడపమని చెప్పలేదు.

మనలో కూడా కొందరున్నారు. మొన్న కమిటీలో ఒక తమ్ముడు లేచి, "రేట్ల గురించి అడుగుర్రి అన్నా, గీ డాంబరు పంచాయితీ మనకెందుకే?" అన్నాడు. మనసులో మాట చెప్పాడు, తప్పు పట్టం. కానీ తమ్ముడూ, ఆ డాంబరు బిల్లును బోనసు బల్ల మీద పెట్టింది మనం కాదు, వాళ్లు! సగం వేసి మొత్తం రాసుకున్న ఆ సొమ్ము ఎవరి బోనసులోంచి తీస్తారు? రెండేళ్లకు ఇంకో పొర పోస్తారు, ఇంకో బిల్లు తెస్తారు, షెడ్డు ఇంకో అంగుళంన్నర కుంగుతుంది. అప్పుడు షాకు కొట్టేది రేటు పెరిగినవాడికా, పెరగనివాడికా అని కరెంటు అడుగుతుందా?

యాజమాన్యానికి ఇచ్చిన వినతిపత్రంలో మనం అడిగింది ఇది: డాంబరు బిల్లును బోనసు లెక్కలోంచి తీసేయాలి. ఇద్దరి సమక్షంలో యార్డు కొలవాలి. పాత పొరలు గీకే పని ఇప్పుడే, వానలు వెనక్కి పోయిన ఈ పొడి నెలల్లోనే మొదలు కావాలి, మే దాకా ఆగితే ఒప్పుకోం. షెడ్డులో ప్రతి లైనుకూ షాకు కొట్టకముందే కరెంటు తెంచే బ్రేకర్లు పెట్టాలి, దీనికి యార్డు పని అయ్యేదాకా కూడా ఆగక్కర్లేదు. విరిగిన చేతికి ఆరు వారాల కూలీ ఇవ్వాలి. మాలు పరిచే కూలీలకు బూట్లు, గ్లౌజులు, తాగే నీళ్లు లేకుండా లారీ గేటు దాటి లోపలికి రాకూడదు.

వచ్చే ఆదివారం పొద్దున తొమ్మిదింటికి కమిటీ గేటు దగ్గర ఉంటుంది. టేపు, సుద్దముక్క మేము తెస్తాం. రోడ్డు పని తెలిసిన అన్నలు తప్పకుండా రావాలి. మిగతా షెడ్లవాళ్లు తమ గుమ్మం దగ్గర యార్డు ఎంత ఎత్తుందో, ఎన్ని మెట్లు మిగిలాయో ముందే కొలిచి చీటీ మీద రాసి పద్మనగర్ ఆఫీసులో ఇవ్వండి. పాత ఫోటోల్లో ఆ మెట్లు కనిపిస్తే అవి కూడా తెండి. పెళ్లికి ఊరు పోయేముందు మెట్ల మీద కూర్చుని దిగిన ఫోటో ఒకటి మా దగ్గర దొరికింది, అందులో రెండు మెట్లూ స్పష్టంగా ఉన్నాయి.