కమిటీలో మన కుర్చీ ఎక్కడ?



హాస్టల్‌లో పప్పు నీళ్లలా ఉంటే వార్డెన్ గారిని అడుగుతాం. విశ్వవిద్యాలయానికి వెళ్లాక ఎవరిని అడగాలో తెలియదు. ఏది అడిగినా "కమిటీలో పెట్టాం" అంటారు. సిలబస్ బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో, చదువు నిబంధనలు అకడమిక్ సెనేట్‌లో, డబ్బుతో ముడిపడినవి పాలకమండలిలో తేలతాయి. ఈ పాలకమండలిని పెద్దలు ఇంకా సిండికేట్ అంటుంటారు. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే మొదటివాణ్ని. సిండికేట్ అంటే మా నాన్నకు తెలిసింది మద్యం సిండికేట్ ఒక్కటే!

నా క్లాస్‌మేట్ ఒకడు స్కాలర్‌షిప్ రాక, పత్తి ఏరే రోజుల్లో ఊరెళ్లి కూలి చేశాడు. హాజరు 75 శాతం కన్నా తగ్గింది. జ్వరం వచ్చిందని డాక్టరు సర్టిఫికెట్ తెస్తే, కండొనేషన్ ఫీజు కట్టించుకుని పరీక్ష రాయనిస్తారు. కూలికి వెళ్లానని రాయడానికి ఆ ఫారంలో గడి లేదు. లేని జ్వరానికి సర్టిఫికెట్ కొనుక్కోమని ఆఫీసులోనే సలహా ఇచ్చారు. ఆ ఫారం తయారు చేసిన గదిలో కూలికి వెళ్లిన విద్యార్థి ఒక్కడున్నా ఆ గడి ఉండేదని నా నమ్మకం.

ఇది చిన్న సంగతి అనుకునేవారు 2016 జనవరి 17ను గుర్తు చేసుకోవాలి. రోహిత్ వేములను, మరో నలుగురు పరిశోధక విద్యార్థులను హాస్టల్ గదుల నుంచి పంపేసిన నిర్ణయం కూడా కమిటీల కాగితాల మీదుగా వచ్చిందే.

రూల్స్ లేవా? ఉన్నాయి. యు.జి.సి. 2023లో విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార నిబంధనలు తెచ్చింది. ప్రతి విశ్వవిద్యాలయంలో కమిటీ ఉండాలి. అందులో కనీసం ఒక మహిళ, కనీసం ఒకరు ఎస్సీ, ఎస్టీ లేదా బీసీ వర్గాల వారు ఉండాలి. ఫిర్యాదు అందిన 15 పని దినాల్లో నివేదిక ఇవ్వాలి. న్యాయం జరగలేదనుకుంటే 15 రోజుల్లో అంబుడ్స్‌పర్సన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. స్కాలర్‌షిప్ ఆలస్యం, సర్టిఫికెట్లు తొక్కిపెట్టి చదవని కోర్సుకు ఫీజు అడగడం లాంటివి కూడా ఫిర్యాదుల కిందికే వస్తాయి.

అయితే అందులో విద్యార్థి సభ్యుడు కాడు, ప్రత్యేక ఆహ్వానితుడు మాత్రమే. చదువులోనో ఆటల్లోనో ముందున్నవాణ్ని అధికారులే నామినేట్ చేస్తారు. ఫస్ట్ ర్యాంకు వాడి మీద నాకు కోపం లేదు. కానీ ఇంటర్నల్ మార్కులు వేసే సారు ఎదురుగా కూర్చుంటే వాడు మన మాట ఏం చెబుతాడు? 1928లో సైమన్ కమిషన్ ముందు బాబాసాహెబ్ అంబేద్కర్ నామినేషన్ పద్ధతి వద్దని, మన ప్రతినిధులు ఎన్నికై రావాలని వాదించారు. లింగ్డో కమిటీ సిఫారసుల ప్రకారం విద్యార్థి ఎన్నికలు జరపాలని 2006లో సుప్రీంకోర్టు చెప్పింది. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో మాత్రం ఆ ఎన్నికలు లేక దశాబ్దాలైంది. ఎన్నిక లేనిచోట ఆ కుర్చీ ఉన్నా లేనట్టే.

తమ్ముళ్లూ, ఎన్నికలు వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోనవసరం లేదు. నోటి మాటగా చెప్పిన ఫిర్యాదు గుమ్మం దాటదు. తెలుగులోనే రాయండి, తేదీ వేయండి, ఇన్‌వర్డ్ నంబరు తీసుకోండి, నకలు దాచుకోండి. ఆ 15 రోజుల లెక్క ఆ నంబరుతోనే నిలబడుతుంది. కమిటీ ఏం తేల్చిందో చెప్పకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. రూ.10 కట్టి మినిట్స్ నకలు కోరవచ్చు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నట్టు రుజువు జత చేస్తే ఆ పది కూడా అక్కర్లేదు. 30 రోజుల్లో జవాబివ్వాలి. నలుగురు కలిసి వెళ్తే గుమాస్తా కూడా కాస్త మర్యాదగా మాట్లాడతాడు, ఇది నేను చూసిందే.

అన్నలకు ఒక విన్నపం. మీలో లెక్చరర్లైనవారు, అధికారులైనవారు ఉన్నారు. అలాంటి గదుల్లో మీకు చోటు దొరికినప్పుడు, అక్కడ తేలిన సంగతులు తెలుగులో ఒక పేజీ రాసి మన హాస్టల్ నోటీసు బోర్డుకు పంపండి. జిరాక్స్ ఖర్చు మేం పెట్టుకుంటాం.